గుడి మెట్లు దిగిన తరువాత

హైదరాబాదునుండి బెంగుళూరు పోవు రాజమార్గమున దక్షిణముగా సాగిపోవువారికి శంషాబాదు వచ్చును. 2008 మార్చి మాసమున ఇచట రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము పనిచేయ నారంభించినది. దాని కొరకు సుమారు 5,500 ఎకరముల నేల సేకరింపబడినది. నాగళ్లు సాగిన చోట నేడు విమానములు పరుగు తీయుచున్నవి. పగలనక, రేయనక జనము వచ్చుచు పోవుచు నుందురు.

ఈ ప్రాంతము విమానములకే కాక దైవభక్తికిని పేరొందినది. విమానాశ్రయమునకు సమీపమున ముచ్చింతల గ్రామము కలదు. అచట పద్మాసనమున కూర్చుండి, చేతులు జోడించిన రామానుజాచార్యుల పంచలోహ విగ్రహము 216 అడుగుల ఎత్తున ప్రకాశించుచున్నది. 2022 ఫిబ్రవరి 5వ తేదీన అది జాతికి అంకితము చేయబడినది. దానికి సమతామూర్తి అని పేరు. నర్కూడ చెంత అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయము కలదు. కొత్తూరు వైపున నున్న జహంగీర్ పీర్ దర్గాకు ముస్లిములేకాక హిందువులును మ్రొక్కులు చెల్లింప వత్తురు. చేగూరు చెంత నున్న కాన్హా శాంతివనమున లక్షమంది ఒక్కసారిగా కూర్చుండి ధ్యానము చేయదగిన మందిరము 2020 జనవరిలో ప్రారంభమైనది. ఉస్మాన్‌సాగర్ తీరమునకు పోయినచో చిలుకూరు బాలాజీ ఆలయము కనబడును. విదేశములకు పోగోరు యువకులు అచట పదునొకండు ప్రదక్షిణములు చేసి, కోరిక తీరిన పిమ్మట నూట యెనిమిది ప్రదక్షిణములు చేయుదురు.

ఇన్ని పుణ్యస్థలములకు ఇందరు వచ్చుట సంతోషింపదగిన విషయమే. కాని ఆలోచనాపరులకు ఒక ప్రశ్న కలుగక మానదు. గుడి మెట్లు ఎక్కునపుడు భక్తుని మనస్సు ఎట్లుండునో అందరికిని తెలియును. మెట్లు దిగిన తరువాత అది ఎట్లుండును? చెప్పుల కాపరితో అతడు ఏ విధముగా మాటలాడును? ఆటోవానికి చెల్లవలసిన రూపాయలను సరిగా చెల్లించునా? ఇంటికి పోయిన పిమ్మట పనిమనిషికి ఏ పాత్రలో మంచినీరు ఇచ్చును? భక్తి యొక్క నిజమైన పరీక్ష ఈ చిన్న విషయములలోనే జరుగుచున్నది.

ఈ పరీక్ష క్రొత్తది కాదు. ముచ్చింతలలో విగ్రహరూపమున వెలసిన ఆ మహనీయుని జీవితమంతయు ఇట్టి పరీక్షలతో నిండియున్నది. రామానుజులు 1017వ సంవత్సరమున శ్రీపెరుంబుదూరున జన్మించిరి. ఆయన నూట యిరువది సంవత్సరములు జీవించినట్లు వైష్ణవ సంప్రదాయము చెప్పుచున్నది. తిరుక్కోట్టియూరున గోష్ఠీపూర్ణుల చెంత రహస్య మంత్రార్థమును గ్రహించి, గురువు వలదన్నను ఆలయమున ఉన్నతస్థానమెక్కి దానిని పదిమందికిని వినిపించిన కథ లోకప్రసిద్ధము. తానొక్కడు నరకమున పడినను, తక్కిన వారందరు తరించినచో చాలునని ఆయన తలంచెనట. ఈ గొప్ప కథను అందరును చెప్పుకొందురు. కాని ఆయన ఇంటిలోను, మఠములోను జరిగిన రెండు చిన్న కథలు నిత్యజీవితమునకు మరింత దగ్గరగా నున్నవి.

మొదటిది వంటయింటి కథ. రామానుజులు కంచిలో గృహస్థుగా నున్న దినములవి. అచట కాంచీపూర్ణులను భక్తుడొకడు ఉండెను. ఆయన బ్రాహ్మణకులమున పుట్టినవాడు కాడు. అయినను రామానుజులు ఆయనను గురువువలె భావించి, ఒకనాడు తన యింట భోజనము చేయుమని ప్రార్థించెను. అతిథి వచ్చు సమయమునకు రామానుజులు ఆయనను తోడ్కొని వచ్చుటకై వేరొక దారిని పోయియుండిరి. గృహిణి అతిథికి భోజనము పెట్టెను. ఆయన భుజించి వెడలిపోయిన వెంటనే ఆమె ఆ విస్తరిని తీసి పారవేసి, ఆ చోటు కడిగి, స్నానము చేసి, భర్త కొరకు మరల వంట చేసెను. రామానుజులు ఇంటికి వచ్చి జరిగినది తెలిసికొని మిక్కిలి దుఃఖించెను.

ఇందు ఆ యిల్లాలిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. ఆమె అతిథిని ఆకలితో పంపలేదు, కసరి మాటలాడలేదు. ఆ కాలపు ఆచారము ఆమెకు ఏది నేర్పెనో దానినే ఆమె చేసెను. తాను తప్పు చేయుచున్నానను ఊహయే ఆమెకు కలిగి యుండదు. ఇట్టి తప్పు ఎవరికిని తప్పుగా కనబడదు. కనుకనే అది ప్రమాదకరమైనది. భర్త వేదాంతము చదువుకొనుచుండెను. భార్య వంటయిల్లు చూచుకొనుచుండెను. వేదాంతమును వంటయింటిని కలిపి ఆ యింట ఎన్నడును మాటలాడుకొనలేదు కాబోలు!

ఆ కథ జరిగి తొమ్మిదివందల యేండ్లు దాటినది. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన పదునేడవ అధికరణముచేత అస్పృశ్యతను రద్దు చేసినది. దానిని పాటించువారిని శిక్షించుటకు 1955లో చట్టమును వచ్చినది. అయినను టీకొట్టు దగ్గర కొందరికి వేరుగా గ్లాసు నుంచు దురాచారమును తెలుగుదేశము చాలకాలము చూచినది. నేటికిని కొన్ని యిండ్లలో పనిమనిషి త్రాగు గ్లాసు గూటిలో విడిగా నుండును. చట్టము వీధిగుమ్మము వరకు వచ్చి నిలుచును. గూటిలోని గ్లాసును తీయవలసినవారు ఆ యింటివారే.

రెండవ కథ శ్రీరంగమున జరిగినది. తెలుగువారు ఒకరు చెప్పు మాటకును చేయు పనికిని పొందిక లేనప్పుడు శ్రీరంగనీతులని ఎగతాళి చేయుదురు. చిత్రమేమనగా, ఆ శ్రీరంగముననే ఆ లోపమును సరిదిద్దిన కథ యొకటి కలదు.

రామానుజులు శ్రీరంగమున మఠాధిపతిగా నున్నపుడు ధనుర్దాసుడను మల్లుడు ఆయనకు శిష్యుడాయెను. ఇతడు తక్కువ కులమని ఎంచబడిన కులమున పుట్టినవాడు. రామానుజులు కావేరీస్నానమునకు పోవునపుడు బ్రాహ్మణ శిష్యుని చేయి పట్టుకొని పోవుచు, తిరిగి వచ్చునపుడు ధనుర్దాసుని చేయి పట్టుకొని వచ్చుచుండెడివారు. స్నానము చేసి శుచియైన పిమ్మట ఇతనిని తాకుట యేమని కొందరు శిష్యులు లోలోన గొణుగుకొనిరి. గురువు వారి గొణుగుడు వినెను. కాని యుపన్యాసము చేయలేదు.

ఒకరాత్రి శిష్యులు ఆరవేసికొన్న వస్త్రములనుండి కొద్దికొద్దిగా గుడ్డపీలికలు చింపించెను. తెల్లవారగనే మఠము రణరంగమైనది. నీవు చింపితివనగా నీవే చింపితివని వేదము చదివిన నోళ్లు తిట్లకు దిగినవి. బెత్తెడు గుడ్డకై సహపాఠులు శత్రువులైరి.

మరియొక రాత్రి గురువు ధనుర్దాసుని తన చెంత మాటలలో నిలిపి, ఆ శిష్యులనే అతని యింటికి పంపి, నిద్రించుచున్న అతని భార్య నగలు తీసికొని రమ్మనెను. వారు పోయి, ఆమె ఒక ప్రక్కకు తిరిగి పరుండి యుండగా పైకి కనబడిన నగలను మెల్లగా తీసిరి. ఆమెకు నిజముగా నిద్ర పట్టలేదు. లేనివారు కాబోలు, రెండవ ప్రక్క నగలను కూడ తీసికొందురు గాక యని ఆమె నిద్రలో తిరిగినట్లు అటు తిరిగెను. వారు భయపడి పారిపోయిరి. తరువాత ధనుర్దాసుడు ఇంటికి వచ్చి సంగతి విని, నగలు పోయినవని విచారింపలేదు. నీవు కదలకుండ నుండవలసినది, కదలుటచేత వారు బెదరిపోయిరి గదా యని భార్యతో అనెను. గోడచాటున నిలిచిన శిష్యులు ఈ మాటలు వినిరి.

మరునాడు గురువు వారిని పిలిచి, గుడ్డపీలికకై పోరాడినవారు ఉత్తములా, నగలు పోయినను దొంగల లేమిని తలచుకొన్నవారు ఉత్తములా యని అడిగెను. శిష్యులు తలలు వంచుకొనిరి.

ఈ కథలో గమనింపవలసిన విషయము లిరువది యుండవచ్చును గాని, ముఖ్యమైనవి రెండు. ఆ శిష్యులు దుర్మార్గులు కారు. శాస్త్రము చదివినవారు, నియమముతో స్నానము, జపము చేయువారు. కాని చిరిగిన గుడ్డ యెదురైనపుడు వారి చదువు వారికి అక్కరకు రాలేదు. ఇది మొదటిది. గురువు వారి తప్పును ఏకాంతమున దాచియుంచక, అందరును కలిసి ఆలోచింపదగిన ప్రశ్నగా మార్చెను. ఇది రెండవది. ఒకే దైవమును కొలుచు వారు ఒక సంఘముగా కూడుట ఇందులకే. కలిసి పాడుటయు, కలిసి భుజించుటయు మంచివే. తమ దినచర్యలోని చిక్కులను కలిసి విప్పుకొనుట అంతకంటెను మేలు.

ధర్మము ఎవరికి వారు మనస్సులో చూచుకొనవలసినది గాని, పదిమందిలో చర్చింపవలసినది కాదని కొందరు వాదింతురు. ఈ వాదమున కొంత నిజము లేకపోలేదు. కాని తన ముఖముపై నున్న మసి తనకు కనబడదు. కంచిలోని గృహిణికి తన తప్పు కనబడకపోవుటకు కారణ మిదియే. మనస్సు తనకు అనుకూలమైన తీర్పునే చెప్పుకొనును. పదిమంది నడుమ ప్రశ్న నుంచినపుడు ఎవరో యొకరు వేరొక దృష్టితో చూడగలరు.

ఇట్టి చర్చలు చివరకు పొరుగువారి తప్పులెన్ను కబుర్లుగా మారునని మరికొందరి భయము. ఇది నిజమైన భయమే. భజన ముగిసిన పిమ్మట అరుగుపై కూర్చుండి, ఎవరి కోడలు ఏమన్నదో, ఎవరి కుమారుడు ఎక్కడ తిరుగుచున్నాడో చెప్పుకొనుట ధర్మచర్చ కాదు. దీనికి ఒక సులభమైన నియమము కలదు. ప్రశ్న తన నడవడిని గురించినదై యుండవలెను. వాడు చేసినది తప్పా యని అడుగువాడు చాడీ చెప్పుచున్నాడు. నేను చేసినది తప్పా యని అడుగువాడు ధర్మమును వెదకుచున్నాడు.

తెలుగువారికి ఇట్టి ప్రశ్నలడుగు అలవాటు లేకపోలేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రమునుండి ఉషశ్రీగా ప్రసిద్ధులైన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు ధర్మసందేహములకు సమాధానములు చెప్పెడివారు. శ్రోతలు ఉత్తరములు వ్రాయగా, ఆయన ప్రత్యుత్తరము రేడియోలో వినబడెడిది. ఒక్కరి సందేహము తీరుచుండగా అది మనస్సులో నుండియు అడుగలేకపోయిన ఎందరికో జవాబు దొరకెడిది. అడుగుట సిగ్గుపడవలసిన పని కాదని కూడ వారు తెలిసికొనిరి.

నేడు చేతిఫోను వచ్చినది. శంషాబాదులో విమానమెక్కి అమెరికా చేరిన కుమారునకు తల్లి ప్రతి ఉదయమును దేవుని బొమ్మను, ఒక నీతివాక్యమును పంపగలదు. ఇది ప్రేమకు గుర్తే. కాని మంచిమాటను నూరుమందికి పంపుటకు ఒక్క క్షణము చాలును. దానిని ఒక్క దినము పాటించుట కష్టము. పంపినవాడును పాటింపక, అందుకొన్నవాడును పాటింపనిచో ఆ మాట విమానాశ్రయమున దిక్కులేక తిరుగు పెట్టెవంటిది. నీతివాక్యమునకు బదులుగా ఒకనాడైనను ఒక నిజమైన ప్రశ్న పంపుకొన్నచో ఎంత బాగుండును! నేడు కార్యాలయమున పరుల కష్టమును నాదిగా చెప్పుకొంటిని, ఇప్పుడేమి చేయవలెనని కుమారుడు తల్లిని అడుగగలిగినచో, వారి నడుమ నున్న సముద్రములు నిజముగా తరిగిపోవును.

సమతను ఆచరణలో చూపుటకు ఈ ప్రాంతమున మంచి ప్రయత్నములు జరుగకపోలేదు. చిలుకూరు ఆలయమున హుండీ లేదు. ధనికులకును అధికారులకును ప్రత్యేక దర్శనము లేదు. కోటీశ్వరుడును కూలివాడును ఒకే వరుసలో నిలువవలసినదే. ఆ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ 2018 ఏప్రిల్ మాసమున హైదరాబాదు జియాగూడలోని రంగనాథస్వామి ఆలయములోనికి ఒక దళిత భక్తుని తమ భుజములపై మోసికొనిపోయిరి. దీనికి మునివాహన సేవయని పేరు. పూర్వము కావేరీతీరమున తిరుప్పాణాళ్వారు గానములో మైమరచి దారిలో నిలిచియుండగా, లోకసారంగ మునియను అర్చకుడు ఆయనను రాతితో కొట్టెననియు, పిమ్మట దైవాజ్ఞచే ఆయననే భుజములపై నెత్తుకొని శ్రీరంగనాథుని సన్నిధికి తీసికొనిపోయెననియు కథ కలదు. కొట్టిన చేతులే మోయవలసివచ్చిన ఆ కథను ఈ కాలమున మరల నెరవేర్చి చూపుట సాహసమైన పని.

అయినను ఒక ఉత్సవదినమున ఒక్కరిని మోయుటతో పని ముగియదు. ఆ దృశ్యమును చూచి చేతులు జోడించినవారు మరునాడు తమ వీధిలో ఏమి చేసిరన్నదే అసలు విషయము. విగ్రహము సంగతియు నిట్టిదే. 216 అడుగుల మూర్తి అందరికిని దూరమునుండియే కనబడును. దాని పాదముల చెంత నేల నూడ్చు స్త్రీ మాత్రము చాలమందికి దగ్గరనుండియు కనబడదు. సమతయను పేరు ఆ మూర్తికి తగినదే. ఆ పేరునకు తగినవారుగా నుండవలసినది దానిని చూడవచ్చువారు.

విమానాశ్రయము ఇట్టి పరీక్షకు మంచి స్థలము. ఏటేటా హజ్ యాత్రికులు ఇచటనుండియే మక్కాకు బయలుదేరుదురు. యాత్రాదీక్షలో పురుషులు కుట్టులేని రెండు తెల్లని వస్త్రములను మాత్రమే ధరింతురు. ఆ వస్త్రములలో యజమాని యెవరో సేవకుడెవరో పోల్చుట కష్టము. వారు తిరిగి వచ్చి తమ తమ దుస్తులను ధరించినపుడు ఆ తెల్లని వస్త్రము నేర్పిన పాఠము లోపల మిగిలియుండవలెను. కొండకు పోయి తలనీలాలు సమర్పించిన భక్తునకును ఇదే వర్తించును. జుట్టు మరల పెరుగును. దానితోపాటు అహంకారము మరల పెరుగకూడదు.

ఆ విమానాశ్రయముననే పెట్టెలు మోయువారు, మరుగుదొడ్లు కడుగువారు, ఎండలో బండ్లు నడుపువారు ఎందరో కలరు. విమానము ఆలస్యమైనపుడు కోపించిన ప్రయాణికుడు ఎవరిపై అరచును? ఆలస్యమునకు కారణమైనవారు అతనికి కనబడరు. కనుక ఎదుట నిలిచిన చిన్న ఉద్యోగినిపై అరచును. ఆమెకు బదులు పలుకు హక్కు లేదు. తిరిగి అనలేనివారితో ఒకడు ఎట్లు మాటలాడునో అదియే అతని మతము. అతని నొసటి బొట్టు గాని, తలపై టోపీ గాని, మెడలోని సిలువ గాని ఆ విషయమును మార్చలేవు.

అట్లే టాక్సీ నడుపువాడు రాత్రి బండి తుడుచుచుండగా వెనుక సీటులో మరచిపోయిన చేతిసంచి కనబడుననుకొనుడు. చూచినవారు లేరు. ఇంట పిల్లవాని బడిజీతము చెల్లింపవలసియున్నది. ఆ క్షణమున అతని చెంత పూజారి లేడు, ముల్లా లేడు, పాస్టరు లేడు. అతడు ఒంటరిగా నిర్ణయింపవలెను. కాని అంతకు పూర్వము ఇట్టి ప్రశ్నను గూర్చి తనవారితో ఎన్నడైనను మాటలాడుకొని యుండినచో అతడు పూర్తిగా ఒంటరివాడు కాడు. విన్న మాట అట్టివేళ తోడు వచ్చును. ఆపద వచ్చిన తరువాత ఈత నేర్చుకొనుట సాధ్యము కాదు గదా!

బడిపిల్లలకును ఈ పరీక్షలు ప్రతిదినమును కలుగుచున్నవి. పరీక్షకు ముందు గుడికి పోయి కుంకుమ పెట్టుకొని, పరీక్షాశాలలో ప్రక్కవాని కాగితము చూచు బాలుడు దేవుని ఏమి కోరినట్లు? మధ్యాహ్నభోజనమున ఒకని ప్రక్కన కూర్చుండుటకు సందేహించు బాలిక దానిని ఎవరినుండి నేర్చుకొన్నది? ఇట్టివి అడుగుటకు పెద్దలయెడ భయముండరాదు. అడిగిన పిల్లలను పెద్దలు కసరరాదు. మన యింట ఆ గ్లాసు వేరుగా ఎందులకున్నదని ఒక బిడ్డ అడిగినపుడు, ఆ ప్రశ్నకు నిజమైన సమాధానము లేదని గ్రహించిన తల్లి గ్లాసును గూటినుండి తీసి తక్కిన గ్లాసులలో కలుపును. నూరు ఉపన్యాసములు చేయలేని పనిని ఆ బిడ్డ ప్రశ్న చేయును.

రామానుజులు ఎత్తైన చోటెక్కి అందరికిని పంచిన మంత్రమును నేడు ఎవరైనను చదువుకొనవచ్చును; అందు రహస్యము లేదు. కావేరీస్నానము చేసి ఒడ్డు నెక్కునపుడు ఆయన ఎవరి చేయి పట్టుకొనెనో అది మాత్రము ఎవరికి వారు ఆచరించి తెలిసికొనవలసినది. ముచ్చింతలలో దర్శనము ముగించుకొని మెట్లు దిగుచున్న వృద్ధురాలి కాలు తడబడినపుడు, ఆమె ఎవరు, ఏ కులము, ఏ ఊరు అని అడుగక చేయి అందించు బాలుడు ఆ మంత్రార్థమును గ్రహించినవాడే.